పులి ముక్కులో తొమ్మిది గింజలు

కంప్యూటర్ తెరమీద ‘అర్థం’ అని ఒక గడి పెట్టి, దాన్ని నింపితే గానీ ముందుకు పోనివ్వని మనిషి ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. కనిపిస్తే రెండు మాటలు అడగాలని ఉంది. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మీలో చాలామంది అలాంటి గడులు తయారుచేసేవాళ్లే కనుక ఈ సంగతి మీకే చెబుతున్నాను.

నేను కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక చిన్న మ్యూజియంలో ఇరవై ఆరేళ్లు రిజిస్ట్రార్‌గా పనిచేశాను. శాన్ రామన్‌లో మనవాళ్ల ఇళ్లకు భోజనాలకు వెళ్లినప్పుడు ఈ మాట చెబితే సగంమంది యూనివర్సిటీ అనుకునేవారు, మిగతా సగంమంది ఇళ్లూ పొలాలూ రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసు అనుకునేవారు. ఒకాయనైతే కంచం పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, “ఇక్కడ స్టాంపు డ్యూటీ ఎలా వేస్తారండీ?” అని అడిగాడు. రెండూ కాదు. మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ నంబరిచ్చి, కొలిచి, ఫొటో తీసి, ఎక్కడ పగులుందో ఎక్కడ పెచ్చు లేచిందో రాసి, అది ఏ గదిలో ఏ అరలో ఉందో చూసుకోవడం నా పని. వస్తువు గొప్పదనం చెప్పేది క్యూరేటరు. వస్తువు పోతే అడిగేది నన్ను.

ఆ పనికి తగిన మనిషినే. పద్దెనిమిదో ఏట నుంచి ఒక్కరోజు తప్పకుండా డైరీ రాస్తున్నాను. ఎండా వానా, ఇంట్లో ఏం కూర, ఆఫీసులో ఎవరు ఏమన్నారు, అన్నీ ఉంటాయి. “మీరు రాసిందే మీరు చదవరు, ఎవరికోసమండీ ఇదంతా?” అని మా ఆవిడ పెళ్లయిన కొత్తలో అడిగింది. దానికి జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

సుమారు పదిహేనేళ్ల కిందటి మాట. మా మ్యూజియానికి పన్నెండు చైనా పింగాణీ తలగడలు వచ్చాయి. పింగాణీ మీద తలపెట్టి నిద్రపోవడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ వందల ఏళ్లపాటు అక్కడివాళ్లు అలాగే పడుకున్నారు. వేసవిలో మెడకు చల్లగా ఉంటుంది, కట్టుకున్న జుట్టు చెదరదు. పైన తల ఆనడానికి కొద్దిగా పల్లంగా ఉంటుంది, లోపలంతా బోలు. బట్టీలో కాల్చేటప్పుడు లోపలి గాలి వేడెక్కి పగిలిపోకుండా ఎక్కడో ఒకచోట చిన్న రంధ్రం వదులుతారు. ఈ కథంతా ఆ రంధ్రంలోంచే వచ్చింది.

తలగడ అంటే నిద్ర, నిద్ర అంటే కల, కాపురం, పిల్లలు. అందుకని వాటిమీద వేసిన బొమ్మలన్నీ కోరికలేనని మా క్యూరేటరు చెప్పాడు. చైనా కళలో పీహెచ్‌డీ చేసి కొత్తగా చేరినవాడు, పాతికకు మించి ఐదారేళ్లు ఉంటాయేమో. మోదుగ రంగు పూత మీద విచ్చిన పెద్ద పియోనీ పువ్వు ఉంటే సంపద. తామరాకు గొడుగులా పట్టుకున్న బాలుడుంటే మగ సంతానం. కొలనులో బాతుల జంట ఉంటే అన్యోన్య దాంపత్యం. తలగడే మబ్బు ఆకారంలో ఉంటే కోరుకున్నది జరగడం. పన్నెండోది పులి. దానిమీద బొమ్మ కాదు, తలగడే పులి. ముందుకాళ్లు మడుచుకుని పడుకుంది. ఒళ్లంతా గోధుమరంగు మీద నల్ల చారలు, వీపు చదునుగా చేసి తెల్లటి పూత పూసి రెల్లుదుబ్బు పక్కన ఒక పిట్టను గీశారు. గాలి రంధ్రం దాని ముక్కులోనే ఉంది, ఎడమవైపున ఒకటి, కుడివైపున ఒకటి. పులి తల కింద ఉంటే పీడకలలూ దుష్టశక్తులూ దగ్గరికి రావట.

ఇచ్చిన ఆమె ఎనభై ఎనిమిదేళ్ల చైనీస్ అమెరికన్. పుట్టింది, పెరిగింది శాక్రమెంటో నది పాయల మధ్య పొలాల ఊళ్లో. పదకొండు తలగడలు పోయిన భర్త ఏళ్ల తరబడి ఏరి తెచ్చినవి. పులి మాత్రం ఆమె తల్లి పెళ్లయి సముద్రం దాటి వచ్చినప్పుడు పెట్టెలో తెచ్చుకున్నది. మొదటిరోజు క్యూరేటరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కదాని భావం వివరించాడు. ఆమె ఇంగ్లీషులో మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను.

“బాతులంటే ఏమన్నావు?”

“అన్యోన్య దాంపత్యం, మేడమ్.”

“ఆ దిండు ఇంటికి తెచ్చిన వారం మా ఆయనకూ నాకూ మాటల్లేవు. అది కూడా రాసుకో.”

అతను రాసుకోలేదు. నేను డైరీలో రాసుకున్నాను.

ఇక ఆ గడి సంగతి. మా కాగితం ఫారాలన్నిటినీ ఆ ఏడాదే కంప్యూటర్‌లోకి మార్చారు. ఆ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి కాంట్రాక్టు మీద వచ్చిన అమ్మాయిది కరీంనగర్ వైపు. తెలివైనది, నవ్వుమొహం, నన్ను మొదటిరోజే అంకుల్ చేసేసింది. కొత్త ఫారంలో పొడవు, వెడల్పు, బరువు తర్వాత ‘అర్థం’ అని ఒక గడి ఉంది. నొక్కితే క్యూరేటరు ఇచ్చిన పద్నాలుగు అర్థాల జాబితా కిందికి జారుతుంది. అందులో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే ఎర్రగీత వస్తుంది, ఆ పేజీ కదలదు.

“ఏమ్మా, నిన్న ఒక ఇనుప నిచ్చెన వచ్చింది. గోదాములో వాడకానికే, అయినా నంబరివ్వాలి. దాని అర్థం ఏమిటని అడుగుతోంది నీ కంప్యూటర్.”

“గది మాండేటరీ ఫీల్డ్ అంకుల్. ఖాళీగ వదిలితే ఒప్పుకోదు.”

“నిచ్చెనకు అర్థం ఏముంటుందమ్మా?”

“మరి నన్నంటే ఏం చేస్తా? నేనేమన్న మా ఇంటికాడికెళ్లి తెచ్చిన్నా ఆ ఫీల్డ్‌ని? రిక్వైర్‌మెంట్స్‌ల ఉంది, మీ డైరెక్టర్ మేడమే సైన్ చేసింది. మార్చాలంటే చేంజ్ రిక్వెస్ట్ రెయిజ్ చెయ్యుండ్రి.”

రెయిజ్ చేశాను. డైరెక్టరు దాన్ని క్యూరేటరుకు పంపింది. ప్రతి వస్తువుకూ ఏదో ఒక అర్థం ఉండే తీరుతుందని అతను ఒక పేజీన్నర జవాబు రాశాడు. నిచ్చెనకు ‘ఉన్నతి’ అని నింపి ఇంటికొచ్చాను. ఆ నెల అలా గడిచింది. తలగడలతోపాటు మరొక కుటుంబం నుంచి అరవై పెట్టెల సామాను అదే సమయంలో దిగింది. పగలంతా కొలవడం, నింపడం, ఎర్రగీత, మళ్లీ నింపడం. పులి పని ఏ రోజు చేశానో, దానితో ఏం చేశానో రెండు నెలల తర్వాత అడిగితే చెప్పలేని స్థితి.

రెండు నెలల తర్వాత అడిగారు.

దానపత్రం మీద ఆమె సంతకం చేసే రోజు. అంతవరకూ పన్నెండు తలగడలూ ఆమెవే, పరిశీలనకోసం మా దగ్గర ఉన్నాయంతే. తలగడల ప్రదర్శనకు ఆహ్వానాలు అప్పటికే అచ్చయి వెళ్లిపోయాయి. డైరెక్టరు గదిలో పెద్ద బల్లమీద కాగితాలు, పెన్ను పెట్టారు. సంతకం ముందు ఆమె పులిని చూడాలంది. నేను గ్లవుజులు తొడుక్కుని తెచ్చి మెత్తటి స్పాంజి మీద పెట్టాను.

“ఊపు,” అంది.

“మేడమ్, ఎనిమిది వందల ఏళ్ల వస్తువు. ఊపకూడదు.”

“నేను ఆరేళ్లప్పుడు రోజూ ఊపేదాన్ని. అప్పుడు మాత్రం అదేమైనా పసిపిల్లా?”

డైరెక్టరు నావైపు చూసి తల ఆడించింది. రెండు చేతులతో ఎత్తి ఒకవైపు కొద్దిగా వంచాను. ఆమె చెవి దగ్గరగా పెట్టింది. రెండోవైపు వంచాను. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఇది నా పులి కాదు,” అంది ఆమె.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమే మళ్లీ చెప్పింది. “నా పులి కదిపితే చప్పుడు చేస్తుంది. గలగలమంటుంది. ఇది చెయ్యడం లేదు.”

నేను ఫొటోలు చూపించాను. కొలతలు చూపించాను. చెవి పక్కన పూత లేచిన మచ్చ చూపించాను.

“ఫొటోలు నువ్వు తీసినవి. కొలతలు నువ్వు రాసినవి,” అంది. కోపంగా కాదు, పిల్లలకు లెక్క చెబుతున్నట్టు. “నా దగ్గర ఉన్నది ఆ చప్పుడొక్కటే.”

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. గొంతు కూడా కొంచెం పెరిగింది. “ఇన్నేళ్లలో నా చేతిమీదుగా ఏ వస్తువులోంచీ చిన్న పెంకు కూడా పోలేదు. ఇందులోంచి మేం ఏదీ తియ్యలేదు. లోపల ఏమీ లేదని రికార్డు చెబుతోంది.” కంప్యూటర్ తెర ఆమెవైపు తిప్పాను. ‘స్థితి: బాగుంది. అర్థం: రక్షణ.’ అంతే ఉంది.

ఆమె తెర చూడలేదు. నా ముఖం చూసింది. పెన్ను మూత పెట్టి బల్లమీద ఉంచి లేచింది. “నా పులి దొరికినప్పుడు ఫోన్ చెయ్యండి.”

ఆమె వెళ్లాక డైరెక్టరు తలుపు వేసింది. “ఆవిడ దొంగతనం అనడం లేదు,” అంది.

“అన్నట్టే ఉంది.”

“శుక్రవారంలోగా తేలకపోతే పన్నెండూ వెనక్కి పంపేస్తాను. బయటినుంచి ఒకరిని పిలిపించి స్టోరంతా తనిఖీ చేయిస్తాను. మీకోసమే చెబుతున్నాను.”

నాకోసమేనట. రిజిస్ట్రారు స్టోరును బయటివాళ్లు తనిఖీ చేశారంటే ఆ సంగతి ఇతర మ్యూజియాలకు చేరడానికి వారం పట్టదు. ఆ తర్వాత నన్ను నమ్మి ఎవరూ ఒక గాజుముక్క కూడా అప్పివ్వరు. ఆ రోజు మంగళవారం. అంటే ఆమెకు తన పులి ఇవ్వడానికి, నాకు నా పేరు నిలుపుకోవడానికి మూడు రోజులు.

బుధవారమంతా స్టోరులో ప్రతి అరా దించాను. పులి ఇంకొకటి ఉంటేగా దొరకడానికి! క్యూరేటరు భూతద్దంతో పాత ఫొటోలను పోలుస్తూ కూర్చుని, మధ్యలో, “పెద్దావిడ కదా, జ్ఞాపకం పొరబడి ఉండొచ్చు,” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది, అనిపించినందుకు హాయిగా కూడా ఉంది. వయసు మీదపడ్డ మనిషి జ్ఞాపకం కంటే నా రికార్డు గట్టిదని నా నమ్మకం. ఇప్పుడు నాకే డెబ్బై దాటాయి కాబట్టి ఆ హాయి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడతో జరిగిందంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“ఆ రోజు ఏం జరిగిందో ఎవరైనా చూసినవాళ్లున్నారా?” అని అడిగింది.

“ఎవరున్నారు? నేనొక్కణ్నే.”

“రాసినవాళ్లున్నారుగా.” చిక్కుడుకాయతో అలమారవైపు చూపించింది. “నలభై ఏళ్లుగా ఇంట్లో ఒక గోడ మింగేశాయి. ఒక్కసారి తీసి చదవండి, అవి కూడా సంతోషిస్తాయి.”

డైరీ తీశాను. తలగడలు వచ్చిన వారం నుంచి మొదలుపెట్టి చదివాను. నాలుగో పేజీలో ఉంది, నా చేతిరాతే:

‘ఎండ. వంకాయ కూర. పులి కదిపితే లోపల గలగల. వంచిన సన్నతీగతో ముక్కు రంధ్రంలోంచి తొమ్మిది ఎండు గింజలు తీశాను, చిక్కుడు జాతివి. గంటన్నర పట్టింది, నడుం నొప్పి. పురుగు పట్టే వస్తువు కనుక నియమం ప్రకారం సంచిలో కట్టి ఫ్రీజర్‌లో ఉంచాను, రెండు వారాల తర్వాత పారేయాలి. వాటికీ ఒక నంబరిస్తే కంప్యూటర్ వాటి అర్థం అడిగింది. గింజల అర్థం! చిరాకేసి అలాగే వదిలేసి వచ్చాను.’

రెండుసార్లు చదివాను. మా ఆవిడ ఈనెలు తీయడం ఆపింది.

తప్పు చేయడం ఒక ఎత్తు. తప్పు చెయ్యలేదని నలుగురి ముందు గొంతు పెంచి చెప్పడం ఇంకొక ఎత్తు. గింజలు తీయడం తప్పు కూడా కాదు. గింజల్లో పురుగుంటే స్టోరులో ఉన్న గుడ్డలూ పుస్తకాలూ పోతాయి, కాబట్టి నియమం అదే. మీలో ఎవరైనా నా స్థానంలో ఉన్నా తీస్తారు. కానీ తీసిన చేతితో ఆమెకు ఒక ఫోన్ చేసి, ‘ఇవేమిటమ్మా’ అని అడగాలని నియమంలో లేదు. నియమంలో లేదు కాబట్టి నాకు తట్టలేదు.

ఇక మిగిలిన ప్రశ్న గింజలు ఉన్నాయా లేవా అని. రెండు వారాల గడువు దాటి ఆరు వారాలయింది. గురువారం తెల్లవారగానే బయలుదేరి, దారిలోనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

“అంకుల్, ఆగుండ్రి, లాగిన్ అయితున్న… ఆఁ. ఉంది. డ్రాఫ్ట్‌ల ఉంది.”

“డ్రాఫ్ట్ అంటే?”

“మీరు మీనింగ్ ఫిల్ చెయ్యలే గద. అందుకే సేవ్ కాలే. సేవ్ కాకుంటే డిస్పోజల్ లిస్ట్‌ల రాదు. లిస్ట్‌ల రాకుంటే మీ దగ్గర ఎవ్వలూ ఏదీ పారెయ్యరు, మీరు అంత స్ట్రిక్ట్ కద!” పకపకా నవ్వింది. “చూసిన్రా, నా మాండేటరీ ఫీల్డ్‌ని ఎన్ని తిట్టిన్రు మీరు!”

ఫ్రీజర్ అడుగున, మంచుపట్టిన ఊలు శాలువాల కింద సంచి దొరికింది. లెక్కపెట్టాను. తొమ్మిది. జీవితంలో ఆ గడికి రుణపడ్డది ఆ ఒక్కరోజే, ఆ సంగతి ఆ అమ్మాయి నన్ను రిటైరయ్యేదాకా మరిచిపోనివ్వలేదు.

డైరెక్టరు గదికి సంచీ, డైరీ రెండూ తీసుకుని వెళ్లాను. డైరీలో తెలుగు ఆమెకు రాదు కాబట్టి నేనే చదివి చెప్పాను, వంకాయ కూరతో సహా.

“మొన్న నా గదిలో మీరు ప్రమాణం చేసినంత పని చేశారు,” అంది.

“చేశాను. ఆవిడకు నేనే ఫోన్ చేస్తాను.”

“చెయ్యండి.”

ఫోన్‌లో మొత్తం చెప్పాను. “ఎన్ని?” అని అడిగింది.

“తొమ్మిది.”

“సరే, వస్తాను.”

శుక్రవారం అదే గది, అదే బల్ల. పులి పక్కన ఒక తెల్లటి పళ్లెంలో గింజలు పోసి పెట్టాను. ముడతలు పడి, నల్లబడి, చూడటానికి మిరియాల్లా ఉన్నాయి. ఆమె వేలితో ఒక్కొక్కటీ పక్కకు జరిపి లెక్కపెట్టింది. క్యూరేటరు నోట్‌బుక్ తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

“ఇది మీ ప్రాంతంలో ఆచారమా, మేడమ్? పులి తలగడలో గింజలు వెయ్యడం?”

“కాదు. పులికి ఆకలేస్తుందని నాకు అనిపించింది.”

“ముక్కులో ఎందుకు?”

“నోరు మూసి ఉందిగా.”

తర్వాత ఆమే చెప్పింది. మంచం మీద తల్లి తల కింద ఆ పులి ఉండేది. కాపలా కాస్తుందని తల్లి చెప్పింది. కాపలా కాసే జంతువుకు మేత పెట్టాలి కదా అని ఆ పిల్ల అనుకుంది. ఇంట్లోంచి ఎవరైనా దూరం వెళ్లినప్పుడల్లా పొలంలో ఏరిన గింజ ఒకటి ముక్కులో వేసేది. తండ్రి పైరు కోతలకు వెళ్లినప్పుడు, బాబాయి చేపల డబ్బాల ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు, అన్న సైన్యంలో చేరినప్పుడు. అప్పటికి తాను పెద్దదయింది, అది ఆఖరి గింజ.

“లోపల వెయ్యాలి,” అంది.

క్యూరేటరు నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు, రెండు నెలల కిందటైతే నేనే అనేవాణ్ని. “ఫ్రీజర్‌లో ఎనిమిది వారాలున్నాయి. వాటిలో ప్రాణమున్న పురుగేదీ మిగలదు. రికార్డులో నేను రాస్తాను,” అన్నాను. డైరెక్టరు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ నిలబడింది. మా డైరెక్టరు ఒప్పుకోవడం అంటే అదే.

నేను పులిని పట్టుకున్నాను. ఆమె ఒక్కొక్క గింజా తీసి ముక్కులో వేసింది. రెండు గింజలు కింద పడితే క్యూరేటరే బల్లకింద దూరి ఏరి ఇచ్చాడు. ప్రతి గింజా లోపల పడ్డప్పుడు టక్కుమనేది. ఎనిమిది వేశాక ఆగింది. తొమ్మిదోది చేతిరుమాలులో మడిచి పర్సులో పెట్టుకుంది.

“అది మీ అన్నగారిదా?” అని క్యూరేటరు మెల్లిగా అడిగాడు. “ఏది ఎవరిదో ఎలా తెలిసింది?”

“తెలియదు. అన్నీ గింజలే.”

“మేడమ్, రికార్డులో తొమ్మిది అని ఉంది,” అన్నాను. నా నోరు అలాంటిది.

“ఎనిమిదని దిద్దుకో.” పులిని కొద్దిగా వంచమని సైగ చేసింది. వంచాను. గలగలమంది. ఆమె చెవి దగ్గర పెట్టి వింది, రెండోవైపు కూడా వంపించి వింది. తర్వాత పెన్ను మూత తీసి పన్నెండు కాగితాల మీదా సంతకం చేసింది. ఆఖరి కాగితం పులిది. సంతకం చేసి దాని తలమీద అరచేయి ఆన్చింది. గ్లవుజులు లేకుండా ముట్టుకోకూడదని అప్పుడెవరూ అనలేదు.

“తొమ్మిదిలో ఎనిమిది,” అంది. “ఇంటికి చేర్చింది. చెడ్డ పులేం కాదు.”

ఆ మధ్యాహ్నం గింజల రికార్డు తెరిచాను. సంఖ్య ఎనిమిది అని దిద్దాను. కింద గడి ఎర్రగీతతో నన్ను చూస్తోంది. కరీంనగర్ అమ్మాయిని పిలిచి జాబితాలో కొత్త మాట ఒకటి చేర్చమన్నాను. “చేంజ్ రిక్వెస్ట్…” అని మొదలుపెట్టి, నా ముఖం చూసి, చేర్చేసింది. పదిహేనో అర్థం: మేత. నేను రిటైరయ్యేనాటికి దాన్ని వాడిన వస్తువు మా మ్యూజియం మొత్తంలో అదొక్కటే.

తర్వాత పులి రికార్డు తెరిచాను. అర్థం దగ్గర క్యూరేటరు నింపిన ‘రక్షణ’ అలాగే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. పక్కనున్న వ్యాఖ్య గడిలో, దాత చెప్పిన ప్రకారం తొమ్మిదిలో ఎనిమిది, అని టైపు చేసి సేవ్ నొక్కాను. కంప్యూటర్ మారు మాట్లాడకుండా తీసుకుంది.